ట్రక్కు విప్పి పెట్టిన నెలలు



ట్రాక్టరు గురించి రేడియోలో చాలామంది చాలాసార్లు చెప్పారు. ఇవాళ నేను దాని వెనక తగిలించే ట్రక్కు గురించి మాట్లాడతాను. కోడూరు మండలంలో ఉల్లిపాలెం వెళ్ళండి, విశ్వనాథపల్లి వెళ్ళండి, హంసలదీవి దాకా వెళ్ళండి. ట్రాక్టరు రేకుల షెడ్డులోనో, ఇంటి వసారా పక్కనో, పైన పట్టా కప్పుకుని ఉంటుంది. ట్రక్కు మాత్రం దొడ్లో కొబ్బరిచెట్టు కింద, ముందు కొక్కెం నేలకు ఆనించి, ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉంటుంది. ఇంజను లేదు, గేరు బాక్సు లేదు, ఇందులో పాడవడానికి ఏముందిలే అనుకుంటాం. ఆ అనుకోవడం వల్లే నష్టపోతున్నాం. సముద్రం దగ్గరి ఊళ్ళలో ట్రక్కు తిరిగి అరిగేదానికన్నా, నిలబడి తినుకుపోయేదే ఎక్కువ.

మన వ్యవసాయం ఏడాదిలో ఎలా నడుస్తుందో ఒకసారి చూడండి. సార్వా కోతలు నవంబరు చివర మొదలై డిసెంబరంతా సాగుతాయి. ధాన్యం బస్తాలు, ఆ వెంటనే వరిగడ్డి, ఫిబ్రవరి మార్చి నెలల్లో మినుము. వేసవిలో చెరువుమట్టి, పెంట, ఇటుక, ఇసుక. రొయ్యల చెరువులున్నవాళ్ళకు మేత బస్తాలు, ఐసు, పట్టిన సరుకు. ఇన్ని నెలలు ట్రక్కుకు తీరిక లేదు. కాలువలకు నీళ్ళొదిలి దమ్ములు మొదలయ్యాయంటే ట్రాక్టరుకు దమ్ము చక్రాలు ఎక్కుతాయి, ట్రక్కు విప్పేస్తాం. మళ్ళీ కోతలదాకా దాని మొహం చూడం. అంటే అది ఖాళీగా నిలబడేది సరిగ్గా వానాకాలం, తుపాన్ల కాలం. ఎండ నెలల్లో పనిచేసి, తడి నెలల్లో ఆరుబయట నిలబడే వస్తువు అది. కొన్నవాళ్ళం ఆ లెక్క వేసుకోలేదు.

అవనిగడ్డలో ఒక వెల్డింగు షెడ్డులో నిలబడి ఉండగా, ఒక ట్రక్కు తొట్టి అడుగురేకును గ్యాసుతో కోసి కింద పడేశారు. పైవైపు చూస్తే రంగు పోయి నున్నగా మెరుస్తోంది. బస్తాలు లాగి లాగి అరిగిన ఇనుము, అంతే. దాన్నే తిరగేస్తే, అడ్డ ఛానలు ఆనే చోటల్లా పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. గోటితో గీరితే పెళ్ళలు రాలుతున్నాయి. ఆ వెల్డరు అన్నమాట నాకు గుర్తుండిపోయింది. "పైనుంచి పోలేదు బాబాయ్, కిందనుంచి పోయింది. మీరంతా పైన చూసి బాగానే ఉందనుకుంటారు" అన్నాడు.

కింద ఏం జరుగుతోందంటే, మన పొలాల మట్టి జిగురుమట్టి. కోడూరు, నాగాయలంక వైపు చాలా నేలల్లో ఉప్పు ఉంది. ఆ మట్టి చక్రాలతో లేచి ఛాసీ ఛానళ్ళలో, రేకుకూ అడ్డ కమ్మీలకూ మధ్య సందుల్లో అంటుకుని ఎండిపోతుంది. దానికి తోడు సముద్రపు గాలి. మామూలు ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది గాలిలోని నీటిని తనలోకి లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా తడిసిపోవడం ఇంట్లో ఆడవాళ్ళకు కొత్త కాదు. ట్రక్కు కింద అంటుకున్న మట్టిలోనూ అదే జరుగుతోంది. వాన పడకపోయినా, పైన రేకు పొడిగా ఉన్నా, కింద ఉప్పునీరు ఊరుతూ ఇనుమును తింటూనే ఉంటుంది. కాబట్టి షెడ్డులో పెట్టాను, ఇంక భయం లేదు అనుకున్నవాళ్ళకు కూడా నేను చెప్పేది, మట్టి కడగకుండా షెడ్డులో పెడితే రోగాన్ని లోపల పెట్టి తలుపేసినట్టే.

ఇక్కడ ఒక పాత అలవాటు సంగతి చెప్పాలి. మన పెద్దవాళ్ళు ఎడ్లబండిని ఎంత శ్రద్ధగా చూసుకునేవారో చూసినవాళ్ళు ఇంకా ఊళ్ళలో ఉన్నారు. పని అయిపోగానే బండిని గొడ్ల సావిడిలోకి తోసి, నొగల కింద ఊతకర్ర పెట్టేవారు. వరిగడ్డి మసి, ఆముదం కలిపి నూరిన కందెన ఇరుసుకు రాసేవారు. వేసవిలో చక్రం చెక్క ఎండి కుంచించుకుపోయి ఇనప పట్టా వదులవుతుందని, బండిని చెరువులోకో కాలువలోకో దింపి చక్రాలు నాననిచ్చేవారు. చెక్క నీరు తాగి ఉబ్బితే పట్టా మళ్ళీ బిగిసేది. కర్రకు అది సరైన వైద్యం. బండి పోయి ట్రక్కు వచ్చినా, నీళ్ళలోకి దింపే అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ కాలువ రేవులో ట్రక్కును వెనక్కి తోసి, ఇరుసు మునిగేదాకా నిలబెట్టి కడిగేవాళ్ళున్నారు. ట్రక్కు ఇరుసు చివర హబ్బులో బేరింగులుంటాయి. రోడ్డు మీద తిరిగి వేడెక్కిన హబ్బు చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, సీలు పక్కనుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. పైకి ట్రక్కు శుభ్రంగా కనబడుతుంది, లోపల బేరింగు తుప్పు పట్టడం ఆరోజే మొదలవుతుంది. కర్ర చక్రానికి తడి కావాలి, ఇనప చక్రానికి పొడి కావాలి. రేవులోకి దింపకండి. నీళ్ళు తోడి, లేదా మోటారుతో కొట్టి, గట్టు మీద కడగండి. కాలువ నీళ్ళలో ఆయిలు, గ్రీజు కలవకుండా ఉంటాయి. ఆ నీళ్ళే కింది ఊళ్ళవాళ్ళు మంచినీళ్ళ చెరువులకు పెట్టుకుంటారు.

ఏ నీళ్ళతో కడగాలన్నది కూడా మన వైపు చిన్న విషయం కాదు. తీరం దగ్గర చాలా ఊళ్ళలో బోరు నీరు ఉప్పన. ఉప్పు వదిలించడానికి ఉప్పునీళ్ళు కొడితే ఏం లాభం? మీ బోరు నీరు ఎలాంటిదో తెలియకపోతే, ఒక నల్లటి రేకు ముక్క మీద దోసెడు నీళ్ళు పోసి ఎండలో ఆరనివ్వండి. తెల్లటి చారలు మిగిలితే ఆ నీళ్ళు ట్రక్కుకు పనికిరావు. ప్రకాశం బ్యారేజి నుంచి పులిగడ్డ అక్విడెక్టు మీదుగా దివిసీమకు వచ్చే కాలువ నీరే మనకు మంచినీరు. వేసవిలో కాలువ కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వచ్చే వారమూ, ట్రక్కు విప్పే వారమూ దాదాపు ఒకటే. దమ్ము తొందరలో ఉంటారు, తెలుసు. అయినా ఆ వారంలో ఒక పూట దీనికి తీయండి. ఒక్క పూట చాలు.

కడిగేటప్పుడు పైన కాదు, కింద మొదలుపెట్టండి. ఎండిన మట్టిని ముందు తడిపి, కాసేపు నాననిచ్చి, కర్రముక్కతో సందుల్లోంచి తోడెయ్యండి. ఛానలు లోపలి వంపు, కమాను పట్టీల మధ్య, వెనక డోరు కీళ్ళ కింద, తొట్టి నాలుగు మూలలు చూడండి. మూలల్లో ధాన్యపు గింజలు, తవుడు, యూరియా పొడి చేరి గట్టిపడి ఉంటాయి. యూరియా కూడా తేమను లాగే సరుకే. రొయ్యల ఐసు నీళ్ళు కారిన ట్రక్కయితే ఇంకా జాగ్రత్తగా కడగాలి. ఆ సరుకు మోసిన ప్రతిసారీ, ఆ సాయంత్రమే నాలుగు బక్కెట్ల మంచినీళ్ళు పొయ్యాలి. ఆరునెలలకోసారి కడగడం దానికి చాలదు. కడిగాక ఒకటి రెండు రోజులు బాగా ఆరనిచ్చి, తుప్పు లేచినచోట వైరు బ్రష్షుతో మెరుపు కనబడేదాకా గీకి, రెడ్ ఆక్సైడు వేసి, అది ఆరాక పైన రంగు వెయ్యాలి. తుప్పు మీదే రంగు పూస్తే చూడ్డానికి బాగుంటుంది, రంగు కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. పాత ఇంజనాయిలు పూసేవాళ్ళున్నారు. నేను దానికి ఒప్పుకోను. తొట్టి లోపల పూస్తే మీ ధాన్యానికీ పశువుల మేతకూ అంటుతుంది, అడుగున పూస్తే కారి నేలలోకి పోతుంది. ఏటా ఒక డబ్బా రెడ్ ఆక్సైడుకయ్యే ఖర్చు, అడుగురేకు మార్చే ఖర్చు ముందు ఎంత?

బేరింగుల దగ్గర కొంచెం ఆగుదాం. జాకీ పెట్టి ఒక వైపు చక్రం లేపి, చేత్తో తిప్పండి. చప్పుడు లేకుండా తిరగాలి. గరగరమంటే లోపల బేరింగు పాడైందని అర్థం. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలకూడదు. తర్వాత హబ్బు మూత తీసి లోపలి గ్రీజు చూపుడువేలుతో తీసి వెలుతురులో చూడండి. ముదురు రంగులో, జిగటగా ఉంటే సరే. తెల్లబారి, నురగ కట్టి ఉంటే నీళ్ళు చేరాయి. ఇసుక తగిలినా, వేళ్ళమధ్య నలిపితే మెరిసే రేణువులు కనబడినా బేరింగు అరుగుతోందన్నమాట. అప్పుడు పైనుంచి కొత్త గ్రీజు కుక్కితే ప్రయోజనం లేదు. బేరింగు బయటికి తీసి, కిరసనాయిలులోనో డీజిలులోనో కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక, ప్రతి రోలరు మధ్యలోకీ గ్రీజు వెళ్ళేలా అరచేత్తో అదిమి పెట్టాలి. సీలు చిరిగితే మార్చాలి. నట్టు బిగించి, చక్రం తేలిగ్గా తిరిగేంత మేర వెనక్కి వదిలి, పిన్ను పెట్టి కాళ్ళు వంచాలి. ఆ పిన్ను పాతది వాడొద్దు. దానికయ్యే ఖర్చు చాలా తక్కువ, అది ఊడితే చక్రమే ఊడిపోతుంది. ఈ పని విప్పి పెట్టేముందే చెయ్యండి. తడి చేరిన గ్రీజుతో ట్రక్కు నాలుగు నెలలు కదలకుండా ఉంటే రోలరు ఎక్కడ ఆనిందో అక్కడే గుంట తింటుంది.

ఇక నిలబెట్టడం. మెరక చూసి పెట్టండి. కొబ్బరిచెట్టు కింద వద్దు, కాయ పడుతుంది, గాలివానకు చెట్టే పడుతుంది. పెంటకుప్ప పక్కన వద్దు, దాన్నుంచి వచ్చే ఆవిరి ఇనుముకు మంచిది కాదు. ఎరువు బస్తాల గది గోడకు ఆనించి కూడా వద్దు. ముందు వైపు కాస్త ఎత్తుగా, వెనక డోరు తెరిచి పెడితే పడ్డ వాన వెనక నుంచి కారిపోతుంది. అడుగురేకులో నీళ్ళు పోయే చిల్లులు మూసుకుపోయాయేమో చూసుకోండి. పట్టా కప్పేవాళ్ళు తొట్టికి అంటించి బిగించి కట్టకండి. నేలతేమ ఆవిరై పట్టా లోపలివైపు చెమర్చి మళ్ళీ రేకు మీదే పడుతుంది. నాలుగు వెదుళ్ళు పాతి పైన తాటాకు వేస్తే అంతకన్నా మంచి కప్పు లేదు. గాలి ఆడుతుంది, ఎండ తగలదు.

ఇరుసు కింద గట్టి కొయ్యదిమ్మలు పెట్టి చక్రాలను నేలనుంచి కొద్దిగా లేపండి. ఇటుకలు పేర్చకండి, తడికి నానిన ఇటుక బరువుకు పగిలిపోతుంది. జాకీ మీద వదిలేయడం అసలే వద్దు. లేపడం కుదరకపోతే టైరు కింద పలక వేసి, గాలి సరిగ్గా నింపి, నెలకోసారి కొద్దిగా ముందుకో వెనక్కో తొయ్యండి. గాలి లేని టైరు బరువు కింద ఒకేచోట నలిగి పక్కలు పగుళ్ళిస్తుంది. ట్రక్కులకు మనం వాడేవి ఎక్కువగా 9.00-16, 7.50-16 టైర్లు. పాత టైరు కొనేటప్పుడు పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి చూడండి. 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైందని అర్థం. పైన గాడులు లోతుగా ఉన్నంత మాత్రాన టైరు కొత్తది కాదు.

తొట్టి ఎత్తే జాకీ ఉన్న ట్రక్కయితే, తొట్టిని పూర్తిగా దించే పెట్టాలి. జాకీలో మెరుస్తూ కనిపించే రాడ్డు బయట ఉండిపోతే సముద్రపు గాలికి దాని మీద చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. ఆ గరుకు రాడ్డు లోపలికీ బయటికీ తిరిగితే సీలును కోసేస్తుంది, ఆయిలు కారుతుంది. ఇంకో మాట, ఇది ప్రాణాల సంగతి. ఎత్తిన తొట్టి కింద గ్రీజు పెట్టడానికి దూరేటప్పుడు గట్టి ఊతం పెట్టకుండా ఎవరూ దూరకండి. పైపు పగిలితే తొట్టి నెమ్మదిగా దిగదు.

నాలుగు నెలలు కదలని ట్రక్కు కింద ఎలుకలు చేరతాయి. గింజల కోసం వచ్చి లైట్ల వైర్లు కొరుకుతాయి. ఎలుక వెంట పాము వస్తుంది. దివిసీమ రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే కింద గడ్డి పెరగనివ్వకండి. మళ్ళీ తీసేరోజున చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించండి. పిల్లల్ని ట్రక్కు కింద ఆడుకోనివ్వకండి.

పశువుల్ని ఎక్కించే ట్రక్కుల గురించి విడిగా చెప్పాలి. సంక్రాంతికి, శివరాత్రికి బండలాగుడు పోటీలకు ఒంగోలు గిత్తల్ని ఊరూరూ తిప్పుతాం. విదేశాల్లో గుర్రాలను మోసుకెళ్ళే ట్రైలర్లు ఉంటాయి. వాటి యజమానులు నేల మీద పరిచిన రబ్బరు చాపలు ఎత్తి, కింద పలకల్ని ఇనప చువ్వతో పొడిచి చూసుకుంటారు. గుర్రాల మూత్రం చాప కిందికి దిగి పలకను పుచ్చబెడుతుంది. పైకి బాగానే కనిపించే నేల దారిలో విరిగితే, గుర్రం కాలు నడిచే బండి కిందికి రోడ్డు మీదికి దిగిపోతుంది. మన గిత్తకూ అదే ప్రమాదం. మూత్రం ఇనపరేకును కూడా తింటుంది. గిత్తను దించిన వెంటనే గడ్డి, పేడ ఊడ్చి కడిగెయ్యాలి, రేపు చూద్దాంలే అనకూడదు. ఎక్కించేముందు అడుగున కొబ్బరిపీచు పట్టాలో, పలకలో వేస్తే గిట్టలు జారవు. 1978 పశు రవాణా నిబంధనల్లో ఈ సంగతి రాసే ఉంది. ఒక బండిలో ఆరు పశువులకు మించకూడదు, వాటితోపాటు వేరే సరుకు వెయ్యకూడదు, వెంట ఒక మనిషి ఉండాలి, బెదరకుండా వీలైనంతవరకు మొహం ఇంజను వైపు ఉండాలి. చట్టం అడిగిందని కాదు, లక్షలు పోసి పెంచిన గిత్త కోసమైనా ఇవి చెయ్యాలి.

తుపాను మాట లేకుండా కోడూరులో ఏ వస్తువు సంరక్షణా పూర్తి కాదు. 1977 నవంబరు 19 ఈ సీమ మరిచిపోయే తేదీ కాదు. ఆ ఉప్పెన పదివేలమందికి పైగా ప్రాణాలు తీసుకుంది. 2013 నవంబరులో హెలెన్ మచిలీపట్నం దగ్గరే తీరం దాటింది. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర దాటినప్పుడు కోతకొచ్చిన వరి మన కళ్ళముందే నీళ్ళలో పడింది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో హెచ్చరిక వస్తే కరకట్ట అవతలి వాళ్ళను, పల్లపు ఊళ్ళవాళ్ళను తుపాను షెల్టరుకు చేర్చడానికి బస్సు రాలేని దారిలో ట్రాక్టరే వెళ్ళాలి. అందుకే ట్రక్కు ఆ నెలల్లో దిమ్మల మీద ఉన్నా, గంటలో తగిలించుకునేలా ఉండాలి. కొక్కెం పిన్ను, దాని క్లిప్పు, గొలుసు ట్రక్కుకే కట్టి ఉంచండి. గాలి పంపు దగ్గరలో పెట్టుకోండి. ఉప్పెన నీళ్ళు ట్రక్కును తాకితే, నీళ్ళు తీసిన వెంటనే మంచినీళ్ళతో కడిగి, బేరింగులన్నీ విప్పి గ్రీజు మార్చండి. వారం ఆగితే బేరింగులు చేతికి రావు.

కోతలకు తీసే రోజున నేను మొదట చూడమనేది లైట్లు. రాత్రిపూట కరకట్ట మీద ధాన్యం ట్రక్కు వెనక లైటు లేకుండా నిలిచి ఉంటే, మోటారుసైకిలు మీద వచ్చే కుర్రాడికి అది కనబడదు. ఎంతమంది పిల్లలు అలా పోయారో మీ ఊళ్ళోనే లెక్క ఉంటుంది. వైరు ఎలుక కొరికితే ఆ రోజే వేయించండి. వెనక డోరు నిండా ఎర్రటి రిఫ్లెక్టరు టేపు అంటించండి. మట్టి కప్పితే గుడ్డతో తుడవండి. చక్రాల నట్లు బిగించి, కొన్ని మైళ్ళు నడిచాక మళ్ళీ బిగించండి. ట్రాక్టరుకు ఇన్సూరెన్సు ఉంటే ట్రక్కుకూ ఉన్నట్టే అనుకోవద్దు. ట్రక్కు రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు పాలసీలో ట్రక్కు నంబరు రాసి ఉందో లేదో ఇంట్లో చదువుకున్న పిల్లలచేత చదివించుకోండి. మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగరసంగమ స్నానానికి ఇంటిల్లిపాదినీ ట్రక్కులో ఎక్కించుకు వెళ్ళే అలవాటు మనకు తరతరాలుగా బండ్లనుంచి వచ్చింది. ఎడ్లబండి బోల్తా పడితే దెబ్బలు తగిలేవి. ట్రాక్టరు వేగంలో ట్రక్కు బోల్తా పడితే ఇల్లే ఖాళీ అవుతుంది. సరుకు మోసే ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడం చట్టమూ ఒప్పుకోదు. ఆ రోజు బస్సు ఎక్కండి, ఆటో మాట్లాడుకోండి.

ఈ ఏడు కాలువ నీళ్ళు వచ్చేలోపు ఒక కిలో గ్రీజు, ఒక వైరు బ్రష్షు, ఒక డబ్బా రెడ్ ఆక్సైడు, రెండు సీళ్ళు, నాలుగు పిన్నులు తెచ్చి ఇంట్లో పెట్టుకోండి. దమ్ము తొందరలో కొట్టుకు పరిగెత్తే పని ఉండదు.